బట్ట బాగానే ఉంది, ఊడింది కుట్టు

బ్యాగు పదేళ్లు మన్నాలంటే 1000 డెనియర్ బట్టే కొనమని బ్యాగుల గురించి మీ వ్యాసంలో రాశారు. నాకైతే అది సగం నిజమే అనిపించింది. డెనియర్ అంటే 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. దారం లావు తెలుస్తుంది గానీ నేత, పూత సంగతి తెలియదు.

రోజూ గుంటూరు నుంచి విజయవాడకు రైల్లో వెళ్లొచ్చేవాణ్ని. ల్యాప్‌టాప్, టిఫిన్ బాక్సు, లీటరు నీళ్ల సీసా మోస్తూ ఓ మందపాటి బ్యాగు మూడేళ్లు వాడాను. బట్ట మీద గీత పడలేదు. భుజం పట్టీ కలిసే చోట కుట్టు మాత్రం పుటుక్కున ఊడింది, అదీ కృష్ణా కెనాల్ స్టేషన్లో దిగబోతుంటే! చెప్పులు కుట్టే పెద్దాయన మైనం పట్టించిన దారంతో అడ్డంగా, నిలువుగా నాలుగు వరసలు వేసిచ్చాడు. ఇప్పటికీ కదల్లేదు. నీళ్లు దిగకుండా లోపల వేసే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూతేమో మన ఉక్కకి జిగటగా మారి పొరలుగా రాలుతోంది.

మా అమ్మాయి కాలేజీ బ్యాగు 420 డెనియర్ నైలాన్, అడుగున మాత్రం మందపాటి బట్ట. నాకదే నచ్చింది, నేలకి రాసుకునేది అడుగే కదా. బ్యాగంతా మందపాటి బట్టే అయితే బరువు పెరుగుతుంది, మే నెల ఎండలో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర నడిచేవాళ్లకి పావు కిలో కూడా బరువేనండీ.

అన్నట్టు, జిప్పు గురించి ఒక్క ముక్కా రాయలేదేం?