30 మీటర్ల మ్యాప్‌తో కోనసీమ ముంపు తేలదు

గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒక రంగుల మ్యాప్ తిరుగుతుంది. ఎర్ర రంగు ఊళ్ళు మునుగుతాయట, పచ్చవి సేఫ్ అట. కింద మూడు మాటలు రాసి ఉంటాయి. ఇది 30 మీటర్ల శాటిలైట్ డేటా కాబట్టి ఇంటింటికీ కచ్చితం. నీళ్ళు ఎటు పారతాయో సాఫ్ట్‌వేరే లెక్కగట్టింది. రేపు 1 మీటరు డేటా వస్తే ఆ మిగిలిన అనుమానాలు కూడా తీరిపోతాయి. మొదటి రెండూ తప్పు, మూడోది సగం తప్పు.

మొదటి మాట చూద్దాం. 30 మీటర్లు అనేది ఆ డేటాలో నేలను విడగొట్టిన ఒక్కో గడి వెడల్పు. గడికి 900 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 22 సెంట్లు. ఇల్లు, దొడ్డి, రోడ్డు, పక్కనున్న పంట బోదె అన్నిటికీ కలిపి ఒకే ఎత్తు. పైగా ఇది అడ్డం కొలతే. ముంపును తేల్చేది నిలువు కొలత, దాని గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

ఇలాంటి మ్యాపులకు ఎక్కువగా వాడే ఎస్ఆర్‌టీఎం డేటాను 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ 11 రోజుల్లో రాడార్‌తో సేకరించింది. అందులో ఎత్తులు 3, 4, 5 అని పూర్తి మీటర్లలోనే ఉంటాయి. ఇప్పుడు మన నేల సంగతి చూడండి. ధవళేశ్వరం దగ్గర డెల్టా తల సుమారు 12 మీటర్ల ఎత్తు, అక్కడి నుంచి సముద్రం 70, 80 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు జానెడు పల్లం కూడా రాదు. డేటాలో ఒక్క మీటరు తేడా కనిపించాలంటే సగటున ఆరు కిలోమీటర్లు పోవాలి. ఆ ఆరు కిలోమీటర్లలో ఎన్ని మెరకలు, ఎన్ని పల్లాలు! అవేవీ అందులో లేవు. ఉన్న హెచ్చుతగ్గుల్లో చాలావరకు కొలతలోని పొరపాట్లే.

ఇంకో తిరకాసు కొబ్బరి తోటలు. ఆ రాడార్ కిరణం చెట్ల తలల నుంచే చాలావరకు వెనక్కి వస్తుంది, నేలదాకా సరిగా దిగదు. అందుకే తోటలున్నచోట నేల ఉన్నదానికన్నా ఎత్తుగా, వరి చేలున్నచోట పల్లంగా కనిపిస్తుంది. మ్యాప్‌లో పచ్చగా కనిపించే ఊళ్ళు ఎక్కువగా తోటలున్న ఊళ్ళే. (మనవాళ్ళు ఊరు, తోట మెరక చూసే వేశారు, కాబట్టి కొన్నిచోట్ల మ్యాప్ కాకతాళీయంగా నిజం చెబుతుంది.) భీమవరం, ఆకివీడు వైపు చూస్తే 2000 తర్వాత ఎన్ని వరి చేలు గట్లు పోసుకుని చేపల చెరువులయ్యాయో అందరికీ తెలుసు. ఆ గట్లు ఆనాటి డేటాలో ఎందుకుంటాయి?

మన ఇస్రో వాళ్ళ భువన్ సైట్‌లో దొరికే కార్టోడెమ్ అనే ఎత్తుల డేటాకు ఇంకో మెలిక ఉంది. దాని ఎత్తులు సముద్రమట్టం నుంచి కావు, ఎలిప్సాయిడ్ అనే లెక్కల ఉపరితలం నుంచి. సవరించకుండా వాడితే సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది నీళ్ళకింద పదుల మీటర్ల లోతున తేలుతుంది.

ఇక రెండో మాట. సాఫ్ట్‌వేర్ ముందు డేటాలోని గుంటలు పూడ్చేస్తుంది, తర్వాత ప్రతి గడి నీటినీ చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో పల్లంగా ఉన్నదానికి పంపుతుంది. పాపికొండల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. 3.12 లక్షల చదరపు కిలోమీటర్ల గోదావరి పరీవాహకం హద్దు గీయడానికి 90 మీటర్ల డేటా కూడా చాలు. డెల్టాలోకి దిగేసరికి పక్కపక్క గడులన్నిటికీ ఒకే అంకె. అప్పుడు ప్రోగ్రామ్ స్కేలు పెట్టి గీసినట్టు సమాంతర గీతలు గీసి, అవే కాలువలు అంటుంది.

పైగా డెల్టాలో నీటి దారి మనుషులు వేసింది. సాగునీటి కాలువ మెరక మీద పోతుంది, మురుగు డ్రెయిన్ పల్లంలో పోతుంది, రెండూ కలిసేచోట ఒకటి ఇంకోదాని కింద తూములోంచి దాటుతుంది. ఏటిగట్టుకు ఇవతల కురిసిన వాన గోదావరిలో కలవదు, కౌశిక, యనమదుర్రు లాంటి డ్రెయిన్లు పట్టుకుని సముద్రానికి పోవాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్లకు గండ్లు పడి ఊళ్ళు మునిగాయి. 2022 జులైలో 25 లక్షలు దాటినా మునిగినవి ముఖ్యంగా గట్లకు అవతల, ఏటి మధ్యలో ఉండే లంకలే. 30 మీటర్ల గడిలో ఆ గట్టు పక్క చేలతో కలిసి సగటైపోతుంది, కాబట్టి ఈ తేడాను ఆ మ్యాప్ చూపలేదు.

మూడోది. విమానం నుంచి లేజర్‌తో తీసే 1 మీటరు డేటాలో గట్టు నిజంగానే కనిపిస్తుంది, చెట్లనూ చాలావరకు తీసేయొచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ వంతెన, రోడ్డు కింది తూము పైనుంచి కనిపించవు. ప్రోగ్రామ్ ఆ రోడ్డును ఆనకట్ట అనుకుని వెనక చెరువు కట్టేస్తుంది. ప్రతి తూమునూ ఫీల్డులో చూసి, డేటాలో చేత్తో తెరవాలి. డ్రెయిన్లో పేరుకున్న గుర్రపుడెక్క, డ్రెయిన్ సముద్రంలో కలిసేచోట ఇసుకతో పూడిన మొగ, పోటు వేళ వెనక్కి తన్నే నీళ్ళు ఎంత సన్నని గడిలోనూ ఉండవు. అమలాపురం చుట్టుపక్కల చేలు వారం నీళ్ళలో నానుతున్నాయంటే కారణం ముందు అక్కడ వెతకాలి.

ఆ ఎర్ర రంగు చూసి స్థలం బేరం ఆపేసుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. సర్వేయర్‌ని పిలిచి దగ్గరి బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే కొలిచిపెట్టిన గుర్తు) నుంచి ఆటో లెవెల్ అనే పరికరంతో మీ స్థలం ఎత్తు తెప్పించండి. సెంటీమీటర్లలో అంకె వస్తుంది. దాన్ని పక్క డ్రెయిన్ వరద మట్టంతో పోల్చి చూసుకున్నాక బేరం సంగతి మాట్లాడుకోవచ్చు.