ఇంజన్‌కు ఊపిరాడటం లేదు

దేశంలో జరుగుతున్న అన్యాయాల్లో మన మేధావులు ఇంతవరకు పట్టించుకోనిది ఒకటుంది. కార్ల కంపెనీలు ఇంజన్‌ను కడుపునిండా గాలి పీల్చుకోనివ్వడం లేదు. నమ్మకపోతే బానెట్ ఎత్తి చూడండి. ఓ మూల నల్లటి ప్లాస్టిక్ డబ్బా, అందులో మడతలు పెట్టిన కాగితం ఫిల్టర్, అక్కడినుంచి ముందు గ్రిల్ దాకా సాగిన ఓ తొండం. కుట్ర అంతా అక్కడే ఉంది. 80 గుర్రాల (హార్స్‌పవర్) ఇంజన్‌లో మరో నాలుగైదు గుర్రాలు ఆ డబ్బాకు కట్టేసి ఉన్నాయట. కంపెనీ ఇంజనీర్లు ఏళ్లతరబడి పరీక్షలు చేసి కూడా గమనించని ఈ రహస్యాన్ని మన కుర్రాళ్లు ఒక్క సాయంత్రం రీల్స్ చూసి పట్టేశారు. వారిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. వారి పక్షాన మాట్లాడేవారు లేరన్న బాధతోనే ఈ నాలుగు ముక్కలు.

విముక్తి కార్యక్రమం పెద్ద కష్టం కాదు. డబ్బాను తీసి అటక మీద పడేయాలి. ఆ స్థానంలో నిగనిగలాడే అల్యూమినియం పైపు, దాని చివర ఎర్రటి కోన్ ఫిల్టర్, రెండు క్లాంపులు. ఎరుపు తప్పనిసరి. నీలం ఫిల్టర్ కూడా గాలి పీలుస్తుంది గానీ ఫోటోలో అంత బాగా రాదు.

ఫలితం వెంటనే వినిపిస్తుంది. పాత తొండం పక్కన శబ్దాన్ని మింగడానికి ఓ ఖాళీ గది ఉండేది. అదీ అటకెక్కింది కాబట్టి ఇంజన్ పీల్చే ప్రతి గుక్కా ఇప్పుడు నేరుగా చెవిలోకి వస్తుంది. 

"అన్నా, పికప్ ఎట్లుంది?" 

"మస్తు పెరిగింది తమ్మీ!" 

చెవితో కొలిచిన పికప్‌ను స్టాప్‌వాచ్‌తో పరీక్షించడం అమర్యాద.

గిట్టనివాళ్లు ఇక్కడ ఓ మెలిక పెడతారు. ఇంజన్‌లోకి వెళ్లే గాలికి అసలు అడ్డు, యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ బిల్ల అని, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకే కారులో ఆ బిల్ల దాదాపు మూసే ఉంటుందని, ఫిల్టర్ పెట్టే ఇబ్బంది యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కినప్పుడే కాస్త లెక్కలోకి వస్తుందని అంటారు. నిజమే అనుకోండి. కానీ ఎప్పటికైనా రోడ్డు ఖాళీ అవుతుందన్న ఆశతో బతికే మనిషిని ఇలా నిరుత్సాహపరచడం ఏం సంస్కారం?

వచ్చిన చిక్కల్లా వేడితో. పాత తొండం గ్రిల్ దగ్గరి బయటి గాలిని తెచ్చేది. కొత్త కోన్ మాత్రం రేడియేటర్ ఫ్యాన్ వెనక్కి తోసిన సెగను, ఇంజన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడిని హాయిగా పీలుస్తుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 60 డిగ్రీల గాలిలో అదే పరిమాణానికి బరువు పదో వంతు తగ్గుతుంది. అంటే నాలుగు గుర్రాల కోసం బయల్దేరి ఎనిమిదింటిని దారిలో వదిలేసినట్టు లెక్క. పైగా సెన్సర్ వేడిని పసిగట్టిందంటే, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకమనడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ కొట్టే వేళను) వెనక్కి లాగుతుంది. కారు కంప్యూటర్ సమాచారం చదివే ఓబీడీ పోర్టుకు చిన్న బ్లూటూత్ పరికరం తగిలిస్తే ఈ ఉష్ణోగ్రత ఫోన్‌లోనే కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆ అంకె ఎక్కడం చూసినవారు కొందరు వెంటనే విరుగుడు చేశారు. పరికరం పీకేశారు.

మరి రీల్స్‌లో డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద అంత పవర్ ఎలా చూపించారంటారా? బానెట్ ఎత్తి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి చూపించారు. రోడ్డు మీద కూడా బానెట్ ఎత్తి నడిపితే ఆ గుర్రాలన్నీ దొరుకుతాయి. ఎదురుగా ఏముందో కనబడదు, అంతే.

పరికరం పీకనివాళ్లు హీట్ షీల్డ్ (వేడిని ఆపే అడ్డురేకు) దారి పట్టారు. అభినందించాల్సింది వీళ్లనే. ముందుగా ఓ అల్యూమినియం రేకు కత్తిరించి ఎగ్జాస్ట్ వైపు నిలబెడతారు. మెరిసే రేకు మీద పడిన సెగ చాలావరకు వెనక్కి పోతుంది కాబట్టి ఇంతవరకు సైన్సు వారి పక్షానే ఉంది. కానీ ఆ మెరుపు బాగాలేదని దానికి మ్యాట్ బ్లాక్ కొట్టిస్తారు. ఎండలో నల్ల చొక్కా వేసుకుంటే ఏమవుతుందో తెలిసిన మనుషులే ఈ పని చేస్తారు. అయినా అంకె దిగదు. ఎందుకంటే రేకు ఆపేది ఎదురుగా కొట్టే సెగను. ఫ్యాన్ తోసిన వేడిగాలికి పక్క సందులు తెలుసు. అందుకని రెండో వైపూ రేకు. ఆ తర్వాత మూడో వైపు. బానెట్ మూసినప్పుడు పైన సందు లేకుండా అంచు పొడవునా రబ్బరు బీడింగ్. గుంతల్లో గలగలమంటోందని బోల్టుల కింద రబ్బరు వాషర్లు. (వ్యంగ్యం కాసేపు పక్కన పెడదాం: రేకు కోసిన అంచు వైరింగ్‌కు గానీ బ్రేక్ పైపుకు గానీ రాసుకోకుండా చూసుకోండి. వైరు తొడుగు తెగితే షార్ట్ అవుతుంది, అది నవ్వులాట కాదు.)

అన్ని వైపులా మూశాక, మరి గాలి ఎటునుంచి రావాలన్న ప్రశ్న పుడుతుంది. గ్రిల్ వెనకనుంచి ఓ గొట్టం లాగుతారు. అంటే ఇప్పుడు ఫిల్టర్ చుట్టూ మూసిన పెట్టె, దానికి మూత, మూతకు సీలు, బయటి గాలి తెచ్చే గొట్టం. ఇలాంటిదే ఒకటి అటక మీద దుమ్ము పట్టి ఉందని ఇంట్లో పెద్దవాళ్లు గుర్తుచేస్తే కోపగించుకోకూడదు. రెండింటికీ తేడా ఉంది. కంపెనీవాళ్లు వేడిని సరిగా మోయని ప్లాస్టిక్‌తో చేశారు. మనం బాగా మోసే లోహంతో చేశాం. కంపెనీ డబ్బా కారు ధరలోనే వచ్చింది. దీనికి విడిగా బిల్లుంది.

మరికొందరు సాహసులు పెట్టె గొడవే వద్దని ఫిల్టర్‌ను బంపర్ వెనక కిందికి దించేస్తారు. అక్కడ గాలి చల్లగానే ఉంటుంది, ఒప్పుకోవాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను ముంచిన వానలాంటిది వస్తే నీళ్లు కూడా చల్లగానే ఉంటాయి. గాలిలా నీరు కుదించుకుపోదు కాబట్టి సిలిండర్‌లోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కబోయి, దాన్ని ఆడించే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇక చట్టం సంగతి. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. అదే ఏడాది సవరణతో శిక్ష కూడా వచ్చింది. ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ "ఒక్కో మార్పు" దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. కోన్ ఒక మార్పు, ఒప్పుకుంటాం. పైపు రెండోది, అదీ సరే. కానీ బండిని మళ్లీ కంపెనీ రూపానికి దగ్గర చేసే రేకును మార్పు కింద ఎలా రాస్తారు? న్యాయంగా అయితే ఒక్కో రేకుకు 5,000 చొప్పున తగ్గించాలి. ఆ లెక్కన మూడు వైపులా రేకు, పైన మూత, ముందు గొట్టం బిగించినవాడికి ప్రభుత్వమే 15,000 బాకీ పడుతుంది. వచ్చే బడ్జెట్‌లో రవాణా శాఖ పద్దు కింద దీనికి కేటాయింపు చూపించాలని మనవి.