క్లోజప్ గారికి, కర్నూలు మిద్దె మీది నుంచి

అయ్యా క్లోజప్ గారూ,

నమస్కారం. కర్నూలు సి.క్యాంపులో ఒక మిద్దె పైన, రేకుల షెడ్డు కింద, ఇరవై రెండేళ్ళుగా కూచిపూడి నేర్పుతున్నదాన్ని. మీరు నన్నెరగరు. నేను మిమ్మల్ని నేల టికెట్టు రోజుల నుంచీ ఎరుగుదును. మీరు ఒక ముఖాన్నో ఒక పాదాన్నో తెర నిండా పెట్టుకుని వచ్చినప్పుడల్లా మెడ పట్టేసేది.

పోయిన నెల ఒకమ్మ వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు, మెట్ల మీదే నిలబడి అడిగింది.

"మేడమ్, ఈ డాన్సు శానా సీరియస్‌గా నేర్చుకుంటే బుర్ర చెడిపోతాదంట కదా?"

"ఎవరు చెప్పినారమ్మా?"

"రాత్రి మా పాప ఫోన్లో సినిమా చూస్తాంటే నేనూ చూస్తిని. ఆ పిల్లకు ఈపులో ఈకలు మొలుస్తాయి. గోళ్ళు చీలి రక్తం కారతాది. కడాకు కడుపులో అద్దం పెంకు గుచ్చుకుని సచ్చిపోతాది. మా పాపకు వచ్చే యేడు టెన్త్ మేడమ్."

ఆ సినిమా బ్లాక్ స్వాన్. 2010లో వచ్చింది. అది బ్యాలే అనే పడమటి దేశాల నాట్యం తల్లీ, మనది కూచిపూడి, మనకు ఈకలు మొలవవు అని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. "ఏదైతే ఏముంది మేడమ్, డాన్సే కదా" అంది. వారం రోజులు పాపను పంపలేదు. ఈ ఉత్తరం రాయడానికి మొదటి కారణం అదీ. రెండో కారణం మా తమ్ముడి కూతురు.

అది పుట్టింది కర్నూల్లో, పెరిగింది డల్లాస్‌లో. పదహారేళ్ళు. ఏడో ఏట నుంచి బ్యాలే నేర్చుకుంటోంది. సెలవులకు వచ్చి మూడు వారాలు మా ఇంట్లో ఉంది. వచ్చిన రెండో రోజు పొద్దున్నే సంచీలోంచి ఒక జత పాయింట్ షూస్, అంటే మునివేళ్ళ మీద నిలబడి ఆడే బూట్లు, తీసింది. గులాబీ రంగు సాటిన్, కళ్ళకద్దుకునేట్టున్నాయి. జత సుమారు వంద డాలర్లట. నేను చూస్తుండగానే వాటిని రెండు చేతుల్తో విల్లులా వంచింది, అట్ట అడుగును చీల్చింది, మునివేళ్ళ దగ్గరి సాటిన్‌ను కత్తెరతో గీకింది. ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని, ఒక్కో బూటూ పట్టుకుని బండకేసి టపటపా కొట్టడం మొదలుపెట్టింది.

పక్క మిద్దె నుంచి ఆయన తొంగిచూశాడు. "ఏం మేడమ్, టెంకాయలు కొడ్తాండారా?"

"కొత్త జోళ్ళు ఎందుకే పాడు చేస్తావు?" అన్నాను.

"కొట్టకపోతే స్టేజీ మీద గుర్రం నడిచినట్టు చప్పుడొస్తుంది అత్తా."

అప్పుడు పట్టుకుని చూశాను. ఆ ముందు భాగంలో కట్టె ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నా. కట్టె లేదు, ఇనుము లేదు. గుడ్డ, కాగితం, జిగురు పొరలు పొరలుగా అద్ది ఆరబెట్టిన డిప్ప. చెమటకు ఆ జిగురు మెత్తబడిపోతుంది. పెద్ద కంపెనీల్లో, అంటే బ్యాలే బృందాల్లో, ప్రధాన నర్తకి ఒక్క ప్రదర్శనకే ఒక జత ముగించేస్తుంది. రిబ్బన్లు ఎవరికి వారే కుట్టుకోవాలి. మా పిల్ల కుట్టింది దేంతోనంటారు? పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారంతో! మామూలు దారం తెగిపోతుందట, ఇది తెగదట. మా గజ్జెలు పట్టీకి కుట్టేటప్పుడు నేను పడే యాతన గుర్తొచ్చి, ఆ డబ్బా ఒకటి ఇక్కడ పెట్టిపోవే అన్నాను.

న్యాయంగా చెప్పాలి. బూట్లను ఇలా విరిచి, గీకి, కుట్టుకోవడం బ్లాక్ స్వాన్‌లో మీరు చూపించారు. బాగానే చూపించారు. నా గొడవ ఆ తర్వాతి సంగతితో.

పాదాలంటే మీకెంత మక్కువో నాకు తెలుసు. గోరు చీలితే వస్తారు, బొబ్బ పగిలితే వస్తారు, రిబ్బను ముడి వేస్తుంటే వస్తారు. ఆ పాదం లేచి పని మొదలుపెట్టగానే మాత్రం తమరు తుర్రుమని ముఖం మీదికి ఎగబాకుతారు. కళ్ళు, ముక్కుపుటాలు, మెడ నరాలు, చెమట బొట్టు. కింద నడుం నుంచి నేల దాకా ఏం జరుగుతోందో మాకు తెలీదు. ఆ చెమట చూసి బ్రహ్మాండంగా ఆడుతోందని మేం నమ్మాలి. పొయ్యి మీద గిన్నె చూపించకుండా వంటామె చెమట చూపించి, పప్పు రుచి చెప్పమన్నట్టుంది.

ఎందుకు ఎగబాకుతారో నాకు తెలీక కాదు. కింద ఉన్న కాళ్ళు వేరేవాళ్ళవి. 1983లో ఫ్లాష్‌డాన్స్ సినిమాకు నాయిక బదులు ఆడినామె మరీన్ జహాన్. టైటిల్స్‌లో ఆమె పేరే వేయలేదు. బ్లాక్ స్వాన్‌లో నటాలీ పోర్ట్‌మన్ సుమారు ఏడాది కష్టపడి నేర్చుకుంది. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను, ఆస్కార్ వచ్చినందుకు సంతోషం. అయితే నాకు అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చోవడం, సరిగ్గా రావడానికే మూడేళ్ళు పట్టింది. కష్టమైన అడుగులు అమెరికన్ బ్యాలే థియేటర్ నర్తకి సారా లేన్ వేసింది. ఆమె ఒంటి మీద నాయిక ముఖాన్ని కంప్యూటర్‌తో అతికించారు.

2011లో దీని మీద రచ్చ అయింది. డాన్సు షాట్లు మొత్తం 139, అందులో 111 పోర్ట్‌మన్‌వే, సారా లేన్‌వి 28 అని దర్శకుడు డారెన్ ఆరనాఫ్‌స్కీ లెక్క చెప్పాడు. నిలువెత్తు మనిషి కనిపించే షాట్లలో నాయికవి నూటికి ఐదే అని సారా లేన్ అంది. ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఆ 139లో తమరు ఎన్నిసార్లు వచ్చారో, అదీ అసలు ప్రశ్న. మా పక్క కరువొచ్చినప్పుడు పంట నష్టం రాసుకునేవాళ్ళు జీపు దిగకుండా గట్టు మీది నుంచే రాసుకుపోతారు. లెక్క తప్పదు. శనక్కాయ చెట్టు పీకి ఊడలు చూసినవాడే ఉండడు.

తల మార్చడమంటే మాకు భేతాళుడి కథ ఉంది. ఒకామె మొగుడి తల ఆమె అన్న మొండేనికి, ఆ అన్న తల మొగుడి మొండేనికి అతుకుతుంది. ఆమె ఎవరి పెళ్ళాం అని భేతాళుడు అడిగితే, దేహానికి శిరస్సే ప్రధానం, తల ఎవరిదో వాడే మొగుడు అంటాడు విక్రమార్కుడు. హాలీవుడ్డూ అదే తీర్పు పాటించింది. తలకు ఆస్కార్ వచ్చింది. విక్రమార్కుడికి గజ్జె కట్టిన అనుభవం ఉండుంటే ఆ తీర్పు వేరుగా వచ్చేదని నా అనుమానం.

తమరు పక్కకు జరిగితే ఏం కనిపిస్తుందో ఒక్కటి చెబుతా. బ్లాక్ స్వాన్‌లో ఆ పిల్ల ఆడే బ్యాలే పేరు స్వాన్ లేక్. దాని మూడో అంకంలో నల్ల హంస పాత్రకు ముప్పై రెండు ఫూయెతేలు ఉంటాయి. ఒంటి కాలి మునివేళ్ళ మీద నిలబడి, రెండో కాలు కొరడాలా విసురుకుంటూ, ఆగకుండా ముప్పై రెండు చుట్లు. 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పియెరీనా లెన్యానీ అనే ఇటలీ ఆమె తిరిగింది, అప్పట్నుంచి ఆ పాత్ర వేసే ప్రతి ఒక్కరికీ ఆ అప్పు చుట్టుకుంది. థియేటర్లో జనం లోలోపల లెక్కపెట్టుకుంటారు. నిలబడ్డ చోటు నుంచి జారిందా లేదా చూస్తారు. మా కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే కాళ్ళను చూసినట్టే. పళ్ళెం ఆడుతుంటే ముఖం చూసేవాడెవడండీ?

నా క్లాసు పిల్లలు పట్టుబట్టారు, మా తమ్ముడి కూతుర్ని ఒకసారి చేసి చూపించమని. పన్నెండు మంది చుట్టూ కూర్చుని ఎలుగెత్తి లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది దగ్గర ఆపేసింది. అయ్యో అన్నారంతా. దానికి అలుపొచ్చి కాదు. కాలితో నేలను తట్టి, "ఇది సిమెంటు అత్తా, ఇక్కడ ఇంక చేయకూడదు" అంది. వాళ్ళకు నేల కింద చెక్క ఉండాలట, ఆ చెక్క కొంచెం వంగాలట, పైన వినైల్ షీటు పరచాలట. దూకితే నేల కూడా లొంగాలి, లేకపోతే మోకాళ్ళు పోతాయి. ఆ మాట విని నేను నా మోకాళ్ళ వైపు చూసుకున్నా. ఇరవై రెండేళ్ళ సిమెంటు. ఇన్ని బ్యాలే సినిమాల్లో ఇంత పిచ్చి, ఇంత నెత్తురు చూపించారే, నేల గురించి ఒక్క పాత్రైనా ఒక్క ముక్క మాట్లాడినట్టు నాకు గుర్తులేదు.

తిండి సంగతికొద్దాం. బ్లాక్ స్వాన్‌లో పొద్దున ఆ పిల్లకు సగం పంపరపనస, ఒక గుడ్డు. మా పిల్ల ఉగ్గాని రెండు ప్లేట్లు, మిరపకాయ బజ్జీలు నాలుగు తిని, ఆ తర్వాత పిట్టగోడ పట్టుకుని గంటన్నర వంగి లేచింది. అలాగని అందరూ ఇలా తింటారని నేనను. తిండి మానేసి ఒళ్ళు పాడుచేసుకున్నవాళ్ళు ఆ వృత్తిలో ఉన్నారు, అద్దం ముందు పెరిగే పిల్లలకు అది నిజమైన గండమే. తమరు దాన్ని భయపెట్టడానికి వాడుకున్నారు, అంతే తప్ప ఆ పిల్లను మళ్ళీ అన్నం దగ్గర కూర్చోబెట్టిన అమ్మను గానీ డాక్టర్ను గానీ చూపించలేదు.

ఇంకోటి. మీ కథల్లో హంస రాణి ఒక్కతే ఉంటుంది, ఆ వేషం కోసం ఒకరి గొంతు ఒకరు కోసుకుంటారు. పెద్ద కంపెనీలో స్వాన్ లేక్ వరసగా ఆడితే రాణి వేషం నలుగురైదుగురు వంతులేసుకుని కడతారు. రోజూ పొద్దున రాణి నుంచి వెనక వరసలో నిలబడే పిల్ల దాకా అందరూ ఒకే గదిలో ఒకే కడ్డీ పట్టుకుని ప్లియేతో మొదలుపెట్టాల్సిందే. మోకాళ్ళు వంచడం, లేవడం. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నా అదే మొదలు. ఇందులో హత్య లేదు, అందుకే తమరికి పనిలేదు.

అట్లాంటి రోజువారీ పని చూపించినవాళ్ళూ లేకపోలేదు. 2003లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ది కంపెనీ సినిమాలో షికాగోలోని జాఫ్రీ బ్యాలే బృందం వాళ్ళే ఆడారు. నాయిక నీవ్ క్యాంప్‌బెల్ చిన్నప్పుడు కెనడా జాతీయ బ్యాలే స్కూల్లో చదివిన మనిషి. అందులో ఆమె రాత్రిళ్ళు బార్‌లో పనిచేస్తుంది. రిహార్సల్‌లో ఒకామెకు మడమ నరం తెగుతుంది, మర్నాడు ఆ స్థానంలో ఇంకొకరు. కథే లేదని చాలామంది విసుక్కున్నారు. నాకు మా క్లాసు చూసినట్టుంది. మనవాళ్ళలో 2020లో వచ్చిన యే బ్యాలే అనే సినిమాలో ముంబై కుర్రాడు మనీష్ చౌహాన్ తన కథలో తానే ఆడాడు, ఎగిరినవి వాడి కాళ్ళే. మన తెలుగులో స్వర్ణకమలం గుర్తుందిగా, 1988. భానుప్రియకు నాట్యం వచ్చు కనుక కెమెరా దూరంగా జరిగి నిలబడింది. మా అమ్మ ఆ సినిమా చూసొచ్చే నన్ను క్లాసులో వేసింది. ఒక సినిమా చూసి ఒకమ్మ పిల్లను పంపింది, ఇంకో సినిమా చూసి ఇంకొకమ్మ ఆపింది. తమరి చేతిలో ఎంత ఉందో చూసుకోండి.

ఇక మన పాత బాకీ. కర్నూలుకు మీరు చాలాసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ కొండారెడ్డి బురుజు దగ్గర దిగుతారు. సుమో తలుపు తెరుచుకుంటుంది, తెర నిండా ఒక చెప్పు, ఆ చెప్పు నేల మీద పడగానే దుమ్ము లేస్తుంది. చూశారా, ఇక్కడా మీకు పాదమే కావాలి! ఆ తర్వాత కొడవలి, మీసం, నెత్తురు. మా వీధిలో ఉన్న ఒకే ఒక్క సుమో రోజూ పొద్దున పదమూడు మంది పిల్లల్ని బడికి మోసేది. దాని తలుపు తెరుచుకుంటే ముందు క్యారియర్లు, ఆ తర్వాత వాటర్ బాటిళ్ళు, కడాకు ముక్కు కారుతున్న ఒక యూకేజీ పిల్లోడు దిగేవాడు.

ఫ్యాక్షన్ అబద్ధమని నేనను. మా చిన్నప్పుడు కొన్ని ఊళ్ళకు పిల్లనిచ్చేవాళ్ళు కారు. మొగుణ్ణి పోగొట్టుకుని, వాయిదాకోసారి కోర్టు బయట వేపచెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చునే ఆడవాళ్ళను నేను చూశాను. ఆ ముఖాల దగ్గరికి తమరు ఎప్పుడూ రాలేదే?

మా తమ్ముడి కూతురి పరిస్థితి చూడండి. డల్లాస్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో పేరంటానికి పోతే, "ఏ ఊరమ్మా మీది?" అంటారు. కర్నూలు అనగానే, "అమ్మో, మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని నవ్వుతారు. బ్యాలే నేర్చుకుంటున్నా ఆంటీ అనగానే గొంతు తగ్గించి, "మీ టీచరు మరీ హింస పెట్టదు కదా, అన్నం తింటున్నావా?" అంటారు. రెండు ప్రశ్నలూ మీరు రాసిచ్చినవే. ఒక్క పిల్ల నెత్తిన రెండూ పెట్టారు. అది పోయేముందు నన్నడిగింది, "అత్తా, ఈ రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం చెప్పేయనా, హైదరాబాద్ అని?" చెప్పొద్దన్నాను. గట్టిగానే అన్నాను.

కాబట్టి తమరికి ఒక ఆహ్వానం. ఈసారి కర్నూలొస్తే బురుజు దగ్గర దిగకండి, రాజ్‌విహార్ దగ్గర ఆటో ఎక్కి సి.క్యాంపుకు రండి. సాయంత్రం ఐదున్నరకు క్లాసు. చెప్పులు మెట్ల దగ్గర విప్పాలి. నీళ్ళ ట్యాంకు పక్కన చాప వేయిస్తా, అక్కడ నేల మీద కూర్చోండి. అక్కడి నుంచి నెత్తి మీది పువ్వు నుంచి మడమ దాకా పిల్ల మొత్తం కనిపిస్తుంది. లేచి దగ్గరికి రావద్దు. మొన్న ఆ అమ్మను కూడా అక్కడే కూర్చోబెట్టాను. పాప తరంగం పళ్ళెం ఎక్కింది. ఆమె మొదట ముఖమే చూసింది, ఈకలేమైనా వస్తాయేమోనని. కాసేపటికి చూపు కిందికి దిగింది. ఆ తర్వాత ఫోను మోగినా తీయలేదు.

ఇట్లు,
మిద్దె మీది మేడమ్

తా.క. ఆ సుమోను పోయిన ఉగాదికి అమ్మేశారు. మీరొచ్చి ఆశపడకుండా ముందే చెబుతున్నా.