తూము చిన్నది, త్రాసు దొంగది: మన పల్పిట్ల సంగతి

చర్చిల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల మీద తరచూ కనిపించే వచనం యిర్మీయా 29:11, మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే గానీ హానికి కావు అని దేవుడు చెప్పేది. దానికి ముందున్న 10వ వచనం మాత్రం కార్డెక్కదు. బబులోనులో 70 ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని దేవుడు చెప్పిన మాట అది. అంటే బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది చెరలోనే కన్నుమూయాలి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని 5వ వచనం చెప్పేది అందుకే. ఇదేమీ చూడకుండా 'ఈ ఏడు నీ అప్పు తీరుతుంది' అనే బోధకుడు వాక్యం పెట్టని గడువు తానే పెడుతున్నాడు. మార్చి దాకా అప్పు తీరకపోతే విశ్వాసి అనుమానించేది ఆయన్ని కాదు, తన విశ్వాసాన్ని.

వాక్యభాగం దేని గురించి మాట్లాడితే ప్రసంగమూ దాని గురించే మాట్లాడాలి. వినడానికి తేలిక, చేయడమే కష్టం. ఆమోసు 8:4-6 తీసుకోండి, పేదల్ని మోసగించే వ్యాపారుల మీద ఆమోసు ప్రవక్త పలికిన మాట. అందులో తూము, దొంగత్రాసు అనే మాటలున్నాయి. కాకతీయుల చెరువులున్న ఈ గడ్డ మీద కుర్రవాళ్లకు తూము అంటే నీళ్లు వదిలేదే. 'ఇది గింజలు కొలిచే తూము' అని ఒక్క ముక్క చెప్పకపోతే సగం సంఘం పాకాల చెరువు కట్ట మీదే ఆగిపోతుంది. త్రాసుకు ఆ బెంగ లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో కాంటా ముందు నిలబడి తరుగు తీయించుకున్న రైతుకు దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

అసలు తప్పు ఇక్కడే దొర్లుతుంది. బోధకుడు వెంటనే అడ్తి (కమీషన్) వ్యాపారిని తిట్టడం మొదలుపెడతాడు. సంఘం ఆమెన్ అంటుంది, చప్పట్లు కూడా పడతాయి. ఆ వ్యాపారి మందిరంలో లేడు మరి! ఆమోసు గురిపెట్టింది బయటివాళ్ల మీద కాదు. విశ్రాంతిదినం ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు అంగడి తెరుద్దామా అని ఎదురుచూసేవాళ్ల మీద. అంటే ఆరాధన దినం పాటిస్తున్నవాళ్లే. కాబట్టి అన్వయం ఎదురుగా కూర్చున్నవాళ్ల దగ్గరికి రావాలి: బరువు కోసం పత్తి మీద నీళ్లు చల్లే చేతికి, కిరాణా కొట్టులో పాత సరుకు పైన కొత్తది పేర్చే చేతికి, కూలి డబ్బులు వారం ఆపే చేతికి. పత్తిలో తేమ 12 శాతం దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ మద్దతు ధరకు కొనదు, సరే. తేమ కొలిచే మీటరు లేనిచోట ఏం చేస్తాం అన్నదే ప్రశ్న.

ప్రసంగం సిద్ధపాటు శనివారం రాత్రికి వదిలితే ఇవేవీ దొరకవు. సోమవారమే అధ్యాయం మొత్తం ఐదారుసార్లు పైకి చదవాలి. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నారో రాసుకోవాలి. బుధవారానికి ప్రసంగం సారాంశం పదిహేను మాటల్లోపు ఒక వాక్యంగా రావాలి. రాకపోతే భాగం ఇంకా అర్థం కానట్టే, ఉదాహరణల కోసం వెతకడం దండగ. ఆ వాక్యానికి పనికిరాని కథ ఎంత బాగున్నా తీసేయాల్సిందే. నవ్వించే కథకైతే మరీ జాగ్రత్త, జనం ఇంటికి మోసుకెళ్లేది దాన్నే.

ఇక రిఫరెన్సులు, అంటే ప్రసంగం మధ్యలో తీయించే వేరే వచనాలు. ఒక్కోటి తీయడానికి అర నిమిషం వేసుకున్నా ఇరవై వచనాలకు పది నిమిషాలు పేజీలు తిప్పడానికే పోతాయి. మూడు చాలు. ముప్పై నిమిషాలు దాటితే చెప్పేవాడికి ఊపు పెరుగుతుంది, వినేవాడికి తగ్గుతుంది. పౌలు అర్ధరాత్రి దాకా చెబితే ఐతుకు అనే కుర్రవాడు మూడో అంతస్తు కిటికీలోంచి నిద్రలో పడి చనిపోయాడు. పౌలు వెళ్లి అతన్ని బతికించి లేపాడు, మనకు ఆ ధైర్యముందా?

రేకుల షెడ్డులో మైకుకు ఎకో పెంచితే గంభీరంగా వినిపిస్తుంది గానీ 'కృప' అన్నారో 'కోపం' అన్నారో తెలియదు. వెనక వరుసలోని ముసలమ్మకు మాట మాటగా అందేదాకా తగ్గించాలి. ఆరాధన ముగిశాక ఆమెనే అడగొచ్చు: 'అమ్మా, ఇయ్యాల వాక్యం ఏం చెప్పింది?' పాస్టరయ్య బాగా చెప్పిండు అని మాత్రమే అంటే, బుధవారం రాసుకున్న ఆ ఒక్క వాక్యాన్ని మళ్లీ తీసి చూసుకోవాలి.