సెలవు చీటీ పెట్టకుండా మానేసిన స్టాలగ్మైట్ గారికి

అయ్యా,

ఒమన్‌లోని హోటీ గుహలో, పైనుంచి పడే చుక్కలతో నేల మీంచి పెరిగే సున్నపు స్తంభమైన మీ హాజరు పట్టీ చూశాక ఊరుకోలేక రాస్తున్నాను. సుమారు 1,30,000 ఏళ్ల కిందట డ్యూటీలో చేరి వేల ఏళ్లు పెరిగారు. తర్వాత జాడ లేదు. 82,000 ఏళ్ల కిందట ఒకసారి మొహం చూపించి, నాలుగు వేల ఏళ్లకే మళ్లీ మాయం. 10,500 ఏళ్ల కిందట తిరిగొచ్చి, 6,200 ఏళ్ల కిందట చల్లగా జారుకున్నారు. సెలవు చీటీ ఏదీ?

పోనీ, పనేమన్నా కష్టమా? వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలుపుకొని కాస్త పులుపెక్కి, సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహలోకి రాగానే ఆ వాయువు వదిలేసి మీ నెత్తిన పలచటి కాల్సైట్ (సున్నపు ఖనిజం) పొర పెడుతుంది. మీరు చేసేదల్లా కదలకుండా కూర్చోవడం. వెయ్యేళ్లకు మామూలుగా కొన్ని సెంటీమీటర్లు!

ఎడారి నేలల్లో మీకు అప్పగించింది కరువు లెక్క. మీరేమో కరువొస్తే కలం మూసేస్తారు. చుక్క పూర్తిగా ఆగని చోట కొంత నయం. తగ్గిన నీరు రాతి పగుళ్లలోనే కాల్షియం దించేసుకుని, మెగ్నీషియం వాటా పెంచుకుని మీ దాకా వస్తుంది. దాన్నిబట్టి ఎండు కాలాన్ని పోల్చుకుంటాం. మీ పొరల్లో చేరే బరువైన రకం ఆక్సిజన్, అంటే ఆక్సిజన్ 18, సంగతి అడక్కండి. వాన తగ్గి పెరిగిందా, మేఘం వేరే సముద్రం నుంచి వచ్చి పెరిగిందా అని మేం జుట్లు పట్టుకోవాలి.

వయసు మాత్రం దాచలేరు. నీటితో యురేనియం వస్తుంది, కరగని థోరియం రాదు. కాబట్టి శుభ్రమైన పొరలో దొరికే థోరియం 230 దాదాపు అంతా ఆ యురేనియం కాలక్రమంలో క్షయించి అక్కడే పుట్టింది. సన్నటి డ్రిల్లుతో చిటికెడు పొడి గీకితే సుమారు 5,00,000 ఏళ్ల దాకా కూపీ లాగొచ్చు.

అసలు చిక్కు ఆ ఖాళీల దగ్గరే. మిమ్మల్ని నిలువునా కోస్తే కొన్నిచోట్ల వెంట్రుకవాసి మట్టి గీత కనిపిస్తుంది. దాని కింది పొరకూ పై పొరకూ మధ్య వేల ఏళ్లు! వాన లేక మానేశారా, పైన పగులు పూడి చుక్క జానెడు పక్కకు జరిగిందని మానేశారా? మీరు నోరు విప్పరు. మేమేమో పైన లోకమంతా ఎండిపోయిందని వ్యాసాలు రాసేస్తాం. ఇక లాభం లేదు, మీ పక్కాయన కూడా అదే కాలంలో మానేశాడేమో చూడాలి.

ఇట్లు,
ఆయన్ని కోయడానికి రంపం తెచ్చుకుని గుహ వాకిట్లో నిలబడ్డ
మీ విధేయుడు