ఇది ఫోన్ల తరం మోజు కాదు
విదేశాల్లో కుర్రకారు వ్యక్తిత్వ వికాస పుస్తకాల వెంట పడడం సెల్‌ఫోన్ల తరానికి పట్టిన కొత్త మోజు అని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను, ఆ మాట చదివి బాధ కూడా వేసింది. స్కాట్లాండ్ రచయిత శామ్యూల్ స్మైల్స్ రాసిన వ్యక్తిత్వ వికాస పుస్తకం ‘సెల్ఫ్ హెల్ప్’ బ్రిటన్‌లో అచ్చయింది 1859లో. జపాన్ పండితుడు నకమురా మసనావో దాన్ని 1871లో జపనీస్‌లోకి తెస్తే అక్కడి యువకులు ఎగబడి చదివారు. పుట్టుకతోనే హోదా వచ్చే సమురాయ్ యోధుల కాలం పోతున్న రోజులవి. తండ్రి హోదా కొడుక్కి అన్నం పెట్టదని తేలిపోయింది. ఎలా బతకాలో ఇంట్లో చెప్పేవాళ్లు లేక పుస్తకాన్ని అడిగారు. నేను జపాన్‌లో మూడేళ్లు పనిచేశాను. అక్కడి షాపుల్లో పుస్తకానికి కాగితం అట్ట తొడిగి ఇస్తారు, రైల్లో పక్కవాళ్లు ఏం చదువుతున్నారో తెలియదు. మా టీమ్‌లో పాతికేళ్ల కుర్రాడు ఒకరోజు ఆ అట్ట తీసి చూపించాడు. ఆస్ట్రియా మానసిక వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ మనస్తత్వ శాస్త్రాన్ని ఒక తత్వవేత్తకూ యువకుడికీ మధ్య సంభాషణగా చెప్పే పుస్తకం. ఆ కుర్రాడు ఎవరికీ ‘కుదరదు’ అనలేక రాత్రి పదింటిదాకా ఆఫీసులోనే ఉండిపోయేవాడు. అది చదివాక వారానికి ఒక్కరోజైనా ఆరింటికి బయల్దేరడం మొదలుపెట్టాడు. చిన్న మార్పే, కానీ అతని మొహంలో టెన్షన్ తగ్గడం నేను కళ్లారా చూశాను.