డెలివరీ వేరు, ఇంట్రాడే వేరు

"షేర్ల లాభానికి 20 శాతం కడితే అయిపోతుంది" అని షేర్ల మీద పన్ను గురించిన వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ లెక్క డెలివరీ తీసుకుని, అంటే షేర్లు తమ ఖాతాలోకి వచ్చాక, ఏడాదిలోపు అమ్మినవాళ్లకు. పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేవాళ్లది, అంటే ఇంట్రాడే, స్పెక్యులేషన్ వ్యాపారం; ధర ముందు ముందు ఎటు పోతుందన్నదాని మీద చేసే ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్‌ది మామూలు వ్యాపారం. రెండూ మిగతా ఆదాయంతో కలిసి స్లాబు ప్రకారం పన్నుకు పోతాయి.

మా బామ్మర్ది హన్మకొండలో ప్రైవేటు కాలేజీ లెక్చరర్. పాఠం అయిపోతే చాలు, ఫోన్‌లో ఆప్షన్సే. ఒక ఏడాది 3 లక్షలు పోగొట్టుకున్నడు. "నష్టానికి రిటర్న్ ఏంది బావా" అని జీతం ఒక్కటే చూపించిండు. మరుసటేడు 2 లక్షలు లాభం వస్తే మొత్తానికీ పన్ను పడ్డది! గడువులోపు ఐటీఆర్-3 (వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ల రిటర్న్ ఫారం) వేసి ఆ నష్టం చూపి ఉంటే 8 ఏళ్ల దాకా వ్యాపార లాభాల్లో తగ్గించుకునేటోడు. జీతంలో మాత్రం తగ్గదు, అది వేరే సంగతి. ఇంట్రాడే నష్టమైతే ఇంకా ఇరుకు: 4 ఏళ్లే, అదీ స్పెక్యులేషన్ లాభంలోనే.

టర్నోవర్ (వ్యాపారం మొత్తం పరిమాణం) అంటే కూడా చాలామంది భయపడతారు. ఆప్షన్స్‌లో ఒక ట్రేడ్‌కు 10 వేలు లాభం, ఇంకోదానికి 8 వేలు నష్టం వస్తే టర్నోవర్ 18 వేలు, మిగిలిన 2 వేలు కాదు. వ్యాపారంగా చూపితే ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ మీద పడే పన్ను), బ్రోకరేజీ ఖర్చుల కింద రాసుకోవచ్చు. డెలివరీ షేర్ల లాభం చూపే క్యాపిటల్ గెయిన్స్‌లో ఎస్‌టీటీకి ఆ వీలు లేదు. ఈ ముక్క వ్యాసంలో ఉండాల్సింది.